ఆఖరి చరణంలో ఎవరి పేరు

బాపుకు, అమ్మకు మీ రజిత దండాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకోవద్దు. ఇక్కడ ఉన్నది ఒకే గది. నేను ఫోన్లో ఏం మాట్లాడినా చిన్నబాపు వింటాడు, సగంలో ఫోను లాక్కుని "ఏం లేదన్నా, అంత మంచిగనే ఉన్నది" అని పెట్టేస్తాడు. అంతా మంచిగా లేదు. నేను కట్టిన కీర్తన చివర ఎవరి పేరు ఉండాలని ఇంట్లో రోజూ గొడవ. మీరు చెబితే తప్ప అది తెగదు. అందుకే రాస్తున్నాను. చెల్లె ఇది చదివి వినిపించేటప్పుడు మధ్యలో తన మాటలు కలపకూడదు.

అమ్మ వేళ్ళ నొప్పి తగ్గిందా? బీడీలు చుట్టడం కొన్నాళ్ళు మానమన్నాను, మాని ఉండదని తెలుసు. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు వద్దు. మేముండే లింబాయత్ బస్తీలో వానలు మొదలై గల్లీ నిండా నీళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుని షేర్ ఆటో ఎక్కి బడికి పోతున్నాను. అక్కడ సంగీతం టీచరునని పేరే గాని, ప్రార్థన పాటలు, గర్బా పాటలు తప్ప ఇంకేమీ అడగరు. చిన్నమ్మ నన్ను బాగానే చూసుకుంటుంది, కాని ఇక్కడి గుజరాతీల్లా పప్పులో బెల్లం వేయడం నేర్చుకుంది. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే మామిడికాయ తొక్కు పంపండి.

ఇక కీర్తన విషయం. శ్రావణ పౌర్ణమికి ఇక్కడి మార్కండేయ గుడిలో పాడడానికి కొత్త కీర్తన కట్టమని కమిటీవాళ్ళు అడిగారు. ఇన్నాళ్ళూ నన్ను పాడమన్నవాళ్ళే గాని కట్టమన్నవాళ్ళు లేరు. సంతోషంగా ఒప్పుకుని ఆనందభైరవి రాగంలో మొదలుపెట్టాను. గదిలో టీవీ, కింద ఆగని మగ్గాలు. డాబా మెట్ల మీద కూర్చుని, ఫోన్లో తంబుర పెట్టుకుని చెవిలో వింటూ కడతాను. ఒక వరస కుదిరేలోపు చిన్నమ్మ కేక: "రజితా, పాట యాడికి పోదు గని, జర కుక్కర్ బంద్ చెయ్." పల్లవి ఒక్కదానికే వారం పట్టింది. పాడి వినిపిస్తే చిన్నబాపు, "పొద్దటి సంది గిదే లైను పాడుతున్నవ్ గదనే, క్యాసెట్ ఇరికినట్టు" అన్నాడు. ఆ ఒక్క లైనునే రకరకాలుగా తిప్పి పాడాలని చెబితే, "అయితే గంత కష్టమేముంది" అని మళ్ళీ టీవీ పెట్టాడు.

మీకు తెలుసో లేదో, కీర్తన ఆఖరి చరణంలో కట్టినవాళ్ళ గుర్తు ఉంటుంది. దాన్ని ముద్ర అంటారు. ఎన్నేళ్ళయినా అది ఎవరి కీర్తనో ముద్రను బట్టే తెలుస్తుంది. నేను నా పేరు పెట్టుకున్నాను. కమిటీ పెద్దేమో చిన్నబాపు పనిచేసే కార్ఖానా ఓనరు. మనవాడే అయినా అందరూ సేటు అంటారు. మైకుకూ భోజనాలకూ ఖర్చు ఆయనదే. తన పేరు పాటలో పడాలని ఆయన అన్నాడట. చిన్నబాపు అక్కడికక్కడే "పడ్తది సేట్" అని మాటిచ్చి వచ్చాడు.

సేటును నేను తప్పుపట్టను. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. నేనే వెళ్ళి, ఆఖరి లైనులో మీ పేరు వస్తే పాట మీరే కట్టినట్టు అవుతుందని చెప్పాను. ఆయన, "గట్లయితే ఇంకా మంచిదే గద బిడ్డా" అన్నాడు. బ్యానరు మీద రాయిస్తాను, మైకులో ముందుగా చెబుతాను అన్నాను. బ్యానరు వానకు తడుస్తుందట.

ఇంటికొస్తే చిన్నమ్మ, "పెండ్లి కార్డు మీద పడాల్సిన పేరు పాటల పెట్టుకుంటవా?" అంది. చిన్నబాపు మాత్రం నవ్వలేదు. "గుడ్డ నేసేది మనం, అంచు మీద పేరు సేటుది. పాటకు వేరే కానూన్ ఉన్నదా?" అన్నాడు. బాపు నేసిన ఏ చీర మీదా బాపు పేరు లేదు. ఆ రాత్రంతా అదే ఆలోచించాను. అప్పటినుంచి నాకు మొండితనం ఇంకా పెరిగింది.

చిన్నబాపు భయం నాకు తెలుసు. మాట తప్పితే పనిలో ఇబ్బంది పెడతారని. ఆయన మీ మాట ఎప్పుడూ దాటలేదు. అందుకని మీరే ఫోను చేసి, సేటు పేరు వద్దని చెప్పండి. అప్పుడు ఆయన "మా అన్న ఒప్పుకుంటలేడు" అని సేటుతో అనవచ్చు. కోపం మీ మీదికి వస్తుంది, అంత దూరాన మిమ్మల్ని ఎవరేం చేయగలరు. నేను రాశాననే చెప్పండి, దాచేదేమీ లేదు. నవ్వుతూ మాత్రం చెప్పకండి, నవ్వితే వినడు. మీకు కూడా సేటు పేరే సరైనదనిపిస్తే ఆ మాటా దాచకండి. అప్పుడు నేను కీర్తన ఇవ్వను, గుడిలో పాత భజనే పాడుకుంటారు. తర్వాత ఈ ఇంట్లో ఉండనిస్తారో లేదో అప్పుడు చూసుకుంటాను.

పెద్దమ్మకు నా దండాలు చెప్పండి. మొదటిసారి కట్టాను, బాగా కుదరాలని మీరిద్దరూ మనసులో అనుకోండి.

శ్రావణమాసం మొదటి శుక్రవారం సాయంత్రం గల్లీలోని ఆడవాళ్ళకు ఆఖరి చరణం నేర్పబోతున్నాను. వాళ్ళ నోటికి ఏ పేరు ఎక్కితే అదే ఉండిపోతుంది. ఆ శుక్రవారం పొద్దుటిలోగా మీ జవాబు రావాలి.

మీ బిడ్డ
రజిత