రెండో కొస

బుధవారం, భోజనాల వేళ
లాండ్రీ గది

గౌరవనీయులైన అక్కకు,

మీ పొట్టి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మాట దగ్గరే కలం మొరాయించింది. అందుకని మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, వేళకు మందులు వేసుకుంటున్నారనీ మాత్రం తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీ మేడమీద గదిలో అద్దెకుంటున్న కొత్తాయన సరిగా తినడం లేదనీ, ఏమైందని అడిగితే ఏమీ లేదంటున్నాడనీ రాశారు. అతన్ని ఇక్కడ పనిలో పెట్టించింది మీరే కాబట్టి మీకు నిజం తెలియాలన్నారు. ఫోన్ చేయొచ్చు. కానీ మీ గొంతు వింటే చిన్నపిల్లలా అబద్ధమాడేస్తాను. అందుకే రాస్తున్నాను.

మీరు రిటైరయ్యాక ఈ గదికి నా నోరే సైరన్. అది మీ దగ్గర నేర్చుకున్నదేగా. మీరు నన్ను తిట్టని రోజు నాకు ముద్ద దిగేది కాదు, ఏం తప్పు చేశానోనని. ఇప్పుడు నేను నిచ్చెనను తిడతాను, నిదానాన్ని తిడతాను. నిచ్చెన అంటే గుర్తుందిగా, పై అరలోని మూటలు స్టూలు లేకుండా అందుకునే పొడుగామె. నిదానం ఇస్త్రీ రోలర్ దగ్గరి పెద్దాయన. ముగ్గురం మూడు దేశాల వాళ్ళం. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. తిట్లు మాత్రం అందరికీ పూర్తిగా వచ్చు. పొద్దున తిట్టుకుంటాం, మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరం చెయ్యి పెడతాం.

రెండు నెలల కిందట హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి మాకు క్లాసు పెట్టింది. పనిచేసే చోట వేధింపు అంటే ఏమిటో ఒక్కొక్కరూ చెప్పాలట. తమ ఊళ్ళో అరవడం ఒక లెక్కే కాదనీ, తను మాట్లాడే తీరును అనుకరించి నవ్వితే మాత్రం ప్రాణం పోతుందనీ నిచ్చెన అంది. చిన్నవాడు కూర్చుని పెద్దవాణ్ణి నిలబెట్టి మాట్లాడటమే వేధింపని నిదానం అన్నాడు. మీ కొత్తాయన చివర్లో లేచాడు. తమ దగ్గర పెద్ద మేస్త్రీ అందరినీ తిట్టి ఒక్కణ్ణి వదిలేస్తే, ఆ ఒక్కడు ఇంకో పని వెతుక్కోవాలని అర్థమట. మేం పడీ పడీ నవ్వాం. ఆ అమ్మాయి అన్నీ రాసుకుని, చివరికి తను వెంట తెచ్చుకున్న కాగితమే గోడకు అంటించి పోయింది. అరవకూడదు, మారుపేర్లు పెట్టకూడదు, శక్తికి మించిన పని చెప్పకూడదు.

ఆ రోజు నుంచి నోరు అదుపులో పెట్టుకున్నాను. పాతవాళ్ళ దగ్గర అది సాగలేదు. రెండు రోజులు మర్యాదగా మాట్లాడేసరికి నాకు జ్వరమొచ్చిందేమోనని నిచ్చెన నుదురు పట్టుకుని చూసింది. కొత్తాయన దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉన్నాను. వచ్చేటప్పుడు ఒక నమస్కారం, వెళ్ళేటప్పుడు ఒక నమస్కారం. మారుపేరు కూడా పెట్టలేదు. నన్ను చూసి మిగతావాళ్ళూ అతనితో మాటలు తగ్గించేశారు.

మన పని మీకు చెప్పాలా. రోలర్‌లోంచి దుప్పటి రాగానే ఇద్దరు చెరో కొస పట్టుకోవాలి, లాగాలి, ఎదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. అతని దుప్పటికి రెండో కొస పట్టుకునేవాళ్ళు లేకుండా పోయారు. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, ఇంకో కొస బల్లకు ఆనించి, ఒక్కడే మడిచేవాడు. నలభై రోజులు అలాగే మడిచాడు. మడతలు వంకరపోయేవి. నేను రిజిస్టర్లో పని నెమ్మది అని రాసేదాన్ని.

పోయిన వారం అతను ఫిర్యాదు ఇచ్చాడు. ఆ ఫారంలో గళ్ళుంటాయి: అరిచారా, కొట్టారా, బూతులన్నారా, ఎక్కువ పని చెప్పారా. ఒక్క గడిలోనూ టిక్కు పెట్టలేదట. అడుగున ఇతరములు అన్నచోట, అందరినీ తిడుతుంది, నన్ను తిట్టదు అని రాశాడు. ఫిర్యాదులు చూసే ఆఫీసరు నన్ను పిలిచి అది చదివి వినిపిస్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను అక్కా. అతని మీద ఏనాడైనా మాట తూలానా అని అడిగితే లేదన్నాను. నిచ్చెననూ నిదానాన్నీ అడిగాడు, వాళ్ళూ లేదన్నారు. అన్నీ నిజాలే. ఒక్కో చోటి అలవాటు ఒక్కోలా ఉంటుంది, ఇందులో ఎవరి తప్పూ లేదని రాసి ఫైలు మూసేశాడు. పైగా గోడమీది కాగితాన్ని నేను చక్కగా పాటిస్తున్నానని మెచ్చుకున్నాడు. మెట్లు దిగి వస్తుంటే అతను ఎదురొచ్చి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈ శుక్రవారంతో అతనికి ఆరు నెలలు నిండుతాయి. పర్మనెంటు చేస్తే పెళ్ళాన్నీ కూతుర్నీ తెచ్చుకోవడానికి కాగితాలు ఇస్తారు. లేకపోతే వెనక్కి వెళ్ళిపోవాలి. పని ఎలా చేస్తాడో రిపోర్టు రాయాల్సింది నేను. అలవాట్లు వేరు కాబట్టి ఇలా జరిగిపోయింది, నా వల్ల అయినంత మంచిగా రాస్తాను. మీరు నన్ను ఎంత తిట్టినా పడతాను, జవాబు రాయకుండా మాత్రం ఉండకండి.

మీ
పొట్టి

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. పైన అలవాట్లు అని రాసింది అబద్ధం. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా రాస్తాను.

క్లాసు అయిన మూడో రోజు నలభై దుప్పట్లు రోలర్లో మాడి పసుపెక్కాయి. మేనేజరు కిందికి వచ్చి ఎవరి పనని అడిగాడు. నేను నిదానం మీద అరిచాను. కొత్తాయన వేడి మీటను చూపించి, అది తిప్పింది మేడమ్ అన్నాడు. నిజమే, తిప్పింది నేనే. ఆ మధ్యాహ్నం అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, ఎవరూ అతని రెండో కొస పట్టుకోవద్దనీ, మాట్లాడొద్దనీ మిగతావాళ్ళకు చెప్పాను. ఏం చేస్తే అతనికి ఎక్కడ తగులుతుందో నేను ఆలోచించనే అక్కర్లేకపోయింది, క్లాసులో అతనే చెప్పాడు. ఇది పాపం కాదా అని నిచ్చెన రెండుసార్లు అడిగింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇప్పుడే ఆఫీసరు బల్ల మీద పెట్టి వచ్చాను. అతని పనిలో వంక లేదని రిపోర్టు కూడా ఇచ్చాను. నా ఉద్యోగం సంగతి వాళ్ళ ఇష్టం.

ఇంకొకటి ఉంది, అతను మీకు చెప్పి ఉండడు. ఫిర్యాదు ఇవ్వడానికి ముందురోజు ఒక దుప్పటిని కావాలనే ఉండచుట్టినట్టు మడిచి తెచ్చి, నా ఎదురుగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో అందరూ నా నోటికేసి చూస్తున్నారు. నేను దాన్ని విప్పి, శుభ్రంగా మడిచి, థాంక్స్ చెప్పి అతని చేతిలో పెట్టాను.