నిలువుగా పడ్డ ఐదు చిల్లులు

ట్రుగనీనా,
11 ఫిబ్రవరి 2025.

ట్రుగనీనా సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: నేటి నుండి శ్రీపతి అనబడే నేను ఎవరి చెప్పులూ మార్చను, ఎవరి బిర్యానీ అడుగునా పచ్చిమిరపకాయ దాచను, ఎవరి ఇయర్‌మఫ్‌లోనూ రబ్బరు బల్లిని పెట్టను. ఇది శాసనం.

అజ్మత్ భాయ్‌కి సలాం, హఫీజా భాభీకి నమస్కారం. మీరు కులాసా అని తలుస్తాను. నా కులాసా సంగతి ఆదివారం తేలుతుంది. రైఫిల్ క్లబ్ కమిటీ పిలిచింది. నీ తూటాల్లో నింపే పౌడర్ మార్చింది నేనేనని తేలిస్తే మెంబర్‌షిప్ పోతుంది. మెంబర్‌షిప్ లేకపోతే లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే రైఫిల్ అప్పగించాలి. వారమంతా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాడికి మిగిలిన సరదా అదొక్కటే.

జనవరి ఫైనల్లో నువ్వు ఓడిపోగానే ప్రెసిడెంట్ ముందు నా మీద వేలు చూపించి ఇంగ్లీషులో చెప్పావు. నాకు అర్థం కాలేదనుకున్నావేమో, తెలుగులో కూడా చెప్పావు. "ఈడే నా డబ్బాల చెయ్యి వెట్టిండు. ఈనికి గదే పని."

ఒకసారి ఐదు తూటాలు పేల్చిన నీ టార్గెట్ మీద పెన్సిల్‌తో ఆరో చిల్లు పొడిచి, నీ చేత అరగంట లెక్కపెట్టించింది నేనే. కానీ పౌడర్‌తో ఆటలా? తప్పు పౌడర్ పడితే రైఫిల్ నీ మొహం మీదే పేలుతుంది. నువ్వు పోతే నేనెవరిని ఏడిపించాలి?

ఖాళీ షెల్లులో పౌడర్ నింపి తూటా మనమే తయారుచేసుకోవడం నాకు నేర్పింది నువ్వు. నీ గ్యారేజీలో పౌడర్ తూస్తూ ఎన్నిసార్లు చెప్పావు, "స్పీడ్ గాదు భై, ఐదింటికీ ఒక్కటే స్పీడ్ రావాలె, గప్పుడే ఒక్క జాగల పడతయి" అని! ఆ పాత పౌడర్‌తో స్పీడ్ తక్కువే, కానీ నీ ఐదు చిల్లులూ అరచెయ్యి కింద దాక్కునేవి. మన క్లబ్‌లో ఆ పొడుగు రామానుజం తూటా నీదానికంటే స్పీడని, స్పీడ్ కొలిచే మిషన్ చూపించిందో లేదో, ఫైనల్ కోసం కొత్త పౌడర్ కొన్నావు. ఎండ తగిలితే ఇది రెచ్చిపోతుందని దుకాణం వాడు చెప్తుంటే ఇద్దరం విన్నాం. "హైదరాబాదోళ్లం, మనకు ఎండ కొత్తనా" అని నవ్వావు.

ఇప్పుడు ఫైనల్ నాటి టార్గెట్ కాగితం తీసి చూడు. డబ్బాలో పౌడర్ మారి ఉంటే ఐదూ కలిసికట్టుగా పైకో కిందకో పోయేవి. నీవి నిచ్చెన మెట్లలా ఎందుకు పడ్డాయి? పెట్టెలో ఎండ తగిలిన తూటాలు స్పీడెక్కి పైన తగిలాయి, నీడలో ఉన్నవి వెనకబడి కింద తగిలాయి. ఆ రోజు నలభై దాటింది ఎండ.

మన క్లబ్ ఆనందరావు అంతా చూశాడు. ఎదురుగా కారులో కూర్చుని పఫ్ తింటున్నాడట. "అజ్మత్ గారు పెట్టె మూత తీసి తన యూట్ ట్రక్కు బానెట్ మీద వదిలేసి ఫోన్లో మాట్లాడుతున్నారండీ" అన్నాడు. గోదావరి మనిషి, కమిటీ ముందు కూడా ఆ అండీతోనే చెప్తాడు. ఆదివారం వస్తానని మాటిచ్చాడు. కాబట్టి నీతో నాకు పని లేదు. ఇంట్లో కూర్చుని భాభీ చేతి ఖీమా తిను.

ఇక ఎవరినీ నవ్వించదలచుకోని
శ్రీపతి

తా.క. ఆనందరావు ఏమీ చూడలేదు. ఆ రోజు అతను బ్రిస్బేన్‌లో ఉన్నాడు. బానెట్టూ, పఫ్ఫూ, అండీ, అన్నీ నేను అల్లినవే. పెట్టె ఎండలో ఉందో లేదో నాకు తెలియదు, చిల్లుల్ని చూసి ఊహించానంతే. కానీ ఆ ముక్క చదివినప్పుడు "అరే, ఈడెట్ల జూసిండు" అని నీకు అనిపించి ఉంటే, నాకున్న సాక్షివి నువ్వొక్కడివే. ఆదివారం పదింటికి. అనిపించకపోతే రాకు.