నువ్వు సాకిన పురుగులు

తమ్ముడూ,

పోయిన వారం నీ మొదటి తద్దినం. కబేళా పక్కన నువ్వు కట్టిన గ్యాసు ట్యాంకు దగ్గర దీపం పెట్టాలనుకున్నాను. నెత్తురూ పేగులూ పడే చోట దీపమెలా అని, ముందురోజు నేనే ఫినాయిలు పోయించి నేలంతా కడిగించాను. ఆ నీళ్లన్నీ కాలువ వెంట ట్యాంకులోకే వెళ్లాయి. రెండు రోజులకే ఆ గ్యాసుతో మండే పొయ్యి ఆరిపోయింది.

మేకలు కోసే సుబ్బయ్య తల పట్టుకున్నాడు. "ఏమక్కా ఇట్ల చేసినారు? చెత్త తిని గ్యాసిచ్చే పురుగులంతా సచ్చిపోయినాయి. నేను పోసుంటే అన్న చెప్పు తీసి కొట్టింటాడు!"

శుక్రవారం లోపల మంట రాకపోతే ట్యాంకు మూసేసి, చెత్తను మళ్లీ ఊరి బయట కుప్పకు తోలిస్తామని కబేళా చూసే ఆఫీసరు చెప్పాడు. నేను మంసాపురం వెళ్లి, పేడ గ్యాసు ఉన్న ఇంట్లో ఆ తొట్టి బురద అడుక్కుని, బిందెల్లో షేర్ ఆటో ఎక్కించాను. "ఏ కోవిల ప్రసాదమక్కా ఇది?" అన్నాడు డ్రైవరు ముక్కు మూసుకుని. అందులో బతికున్న పురుగులుంటాయని సుబ్బయ్యే చెప్పాడు. మూడు రోజులుగా కొంచెం కొంచెంగా పోస్తున్నాం.

ఈరోజు గురువారం. పొద్దున సుబ్బయ్య అగ్గిపుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకోటి గీయమన్నాను. అదీ అంతే.

ఏడాదిగా నీ ఆత్మకు శాంతి ఇవ్వమని దేవుణ్ణి అడిగాను. ఇప్పుడు అది అడగడం లేదు. ట్యాంకు గోడకు చెయ్యి ఆనించి, లోపల కొన్నైనా బతికుండాలని అడుగుతున్నాను.

అక్క