అల్లుడి గాలానికి మామగారి చెవి

శ్యామసుందరికి ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. మన అమ్మాయి గీతిక పంపిన ఫోటోలో నా చెవికి కట్టు చూసి కంగారు పడకు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇప్పుడు వసంతం కదా, అల్లుడు కార్తీక్ నన్ను ట్యూమట్ నది మీదికి చేపలు పట్టడానికి తీసుకువెళ్ళాడు. గాలానికి ఎర ఉండదు, ఈకతో చేసిన ఈగ బొమ్మ కడతారు. పడవలో నిలబడి దాన్ని కొరడాలా వెనక్కీ ముందుకీ ఝళిపించాలి. కార్తీక్ వెనక్కి ఝళిపించాడు. అది నేరుగా వచ్చి, వెనక కూర్చున్న నా చెవిలో దిగింది. ముందుకు లాగబోతుంటే నేను కేక పెట్టాను.

పెళ్ళయి మూడేళ్ళయినా "అంకుల్, టీ తాగుతారా?" తప్ప నాతో మరో మాట ఆడని మనిషి, చేతిలో కర్ర పారేసి, నా తల రెండు చేతులా పట్టుకుని, "నాన్నా, కదలకండి! సారీ నాన్నా!" అంటూ ఏడ్చినంత పని చేశాడు. పడవ నడిపే గ్లెన్ తాపీగా కొక్కెం ఊడదీసి, "ఈ సీజన్‌లో బిగ్గెస్ట్ క్యాచ్, మేట్!" అని వాళ్ళ భాషలో మెచ్చుకున్నాడు. ఇక్కడ పట్టిన చేపను ఫోటో తీసి నీళ్ళలో వదిలేస్తారు. నాకు మాత్రం ఫోటో తీశాక ఇంజెక్షన్ కూడా వేయించారు.

గ్యాస్ బండ వచ్చిందా? డాబా మీద ట్యాంకు కడిగించు. కార్తీక్‌కి ఉలవచారు ఇష్టమట, ఎలా కాయాలో గీతికకు ఫోన్లో చెప్పు. దారి పొడుగునా ఇలాంటివి ఎన్ని చెప్పాడో! ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.

అందరినీ అడిగానని చెప్పు. మీ అన్నయ్యకు మాత్రం పెద్ద చేప కరిచిందని చెప్పు.

జనార్దనరావు