గేటు కన్ను

తమ్ముడు యుగేందర్‌కు, జనగామ నుంచి అక్క.

నీ ఫోన్ కలవక, భూపాలపల్లికి వస్తున్న ముత్తయ్య చేతికి ఇది ఇస్తున్నాను. దసరా రోజు ఆటోమేటిక్ గేటుకు నువ్వు కట్టిన బంతిపూల దండ, ఎదురుగా ఏదైనా ఉంటే గేటును ఆపే సెన్సార్‌కు అడ్డమొచ్చి గేటు మూసుకోలేదు. "పూజ దండ తెంపొద్దు బిడ్డా" అని అమ్మ అంటే, నువ్వు సెన్సార్‌నే తీయించావు. దండ ఎండి ఎప్పుడో రాలిపోయింది. సెన్సార్ మాత్రం మళ్లీ ఎవరూ పెట్టించలేదు.

పొద్దున అడ్డంగా ఉన్న కుర్చీని గేటు నుజ్జునుజ్జు చేసింది. ఆపుదామంటే స్విచ్ ఉన్న గది తాళంచెవి నీ దగ్గరే ఉంది. తాళం పగలగొడితే నువ్వు కోప్పడతావని అమ్మ భయం. తాళంచెవి వెంటనే ముత్తయ్యకివ్వు.

నీ కూతురు మూసుకుంటున్న గేటుకు ఎదురెళ్లి నిలబడుతోంది. నేను కేకలేసి లాగితే, "నన్ను చూస్తే ఆగుతది అత్తా, బాపు చూపెట్టిండు" అంటోంది.