మూడో పిలుపుకి రానివాళ్లు

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం, అంటే జ్వరాలూ దగ్గులూ ఏమీ లేవు. మీ మరిదికి మోకాలి కట్టు విప్పారు. మేడ మెట్లు ఎక్కుతున్నారు, ఎక్కిన ప్రతిసారీ నేను మెచ్చుకోవాలని నా వైపు చూస్తున్నారు. బావగారు ఆ పన్ను పీకించుకున్నారా, ఇంకా లవంగంతోనే కాలక్షేపం చేస్తున్నారా?

పోయిన ఉత్తరంలో నన్ను బాగానే కడిగేశావు. జీతం కొయ్యలేదు, ఉద్యోగం తియ్యలేదు, మరి కంపెనీ మీద కేసెందుకే అన్నావు. ఫోన్ చేస్తే ఎత్తవేం, అంత గొప్పదానివైపోయావా అని కూడా అన్నావు. కేసు సంగతి ముందు చెప్తాను. ఫోన్ సంగతి చెప్పాలంటే కాస్త గుండె దిటవు చేసుకోవాలి.

మా లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతాం కదా. ఇస్త్రీ యంత్రంలోంచి వేడివేడిగా వస్తుంటే ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి మడతపెడతాం. నా జోడీ పొడుగమ్మ. పద్నాలుగేళ్లుగా ఆ కొసన ఆవిడ, ఈ కొసన నేను. మా మధ్య మాటలుండవు. దుప్పటి ఒకసారి లాగితే మధ్యకి మడతెయ్యమని. రెండుసార్లు లాగితే చిరుగుంది, పక్కన పడెయ్యమని. చిన్నగా ఊపితే సూపర్‌వైజరు వెనకాలే ఉన్నాడని. ఆ యంత్రాల హోరులో ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు కనక అక్కడ అందరిదీ ఇదే పద్ధతి. గంటకి రెండు వందల దుప్పట్లు తీసే జోడీ మాదొక్కటే. గొప్పలు చెప్పుకుంటున్నాననుకో, ఫరవాలేదు.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. గోడకి మైకు బిగించాడు. ఎవరితో ఏ పనున్నా మైకులోనే పిలుస్తారట, మూడో పిలుపుకి రానివాళ్లు మడత బల్ల దగ్గర ఉండకూడదట. అందరికీ ఒకటే రూలు. మొదటి వారంలోనే నేను రెండుసార్లు మూడో పిలుపుకి కూడా రాలేదు. మర్నాడే నన్ను కిందికి, మురికి బట్టలు వేరుచేసే గదికి పంపేశారు. జీతం అదే, గంటలూ అవే. కిటికీ లేదు, పక్కన మనిషి లేదు. చేతులకి రెండు జతల తొడుగులు, మూతికి గుడ్డ. ఎప్పుడైనా ఎవరైనా వచ్చినా వాళ్ల మూతికీ గుడ్డే.

ఎందుకు రాలేదో రాసేస్తున్నాను. అక్కా, నాకు వినపడదు. ఎడమ చెవి పూర్తిగా పోయి ఐదేళ్లయింది. కుడి చెవిలో మాటలు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంటాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. అలాంటిదాన్ని అందరూ మూతికి గుడ్డ కట్టుకునే గదిలో పెట్టారు. ఇప్పుడు చెప్పు, కేసెందుకని అడుగుతావా?

మొన్న విచారణ జరిగింది. విచారణ చేసేది ఒక పెద్దావిడ. ఎవరేం మాట్లాడినా అక్షరాలై కనపడేలా నా ముందు ఒక తెర పెట్టించింది. "ఆమె చదవడం అయ్యేదాకా ఎవరూ రెండో మాట ఎత్తకండి" అంది. ఒక గది గదంతా నాకోసం ఆగడం నా జన్మలో అదే మొదటిసారి. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కంపెనీ వకీలు లేచాడు. "రూలు అందరికీ ఒకటేనండి. జీతంలో చిల్లిగవ్వ తగ్గలేదు. మరి ఈమెకి జరిగిన ప్రతికూలత ఏంటండీ?" అన్నాడు. అచ్చం నువ్వడిగిందే. ఆయన ఫీజులో సగం నువ్వు అడిగి పుచ్చుకోవచ్చు.

మా యూనియన్ వకీలమ్మ చిన్నపిల్లలా ఉంటుంది కానీ మాట సూదిలా దిగుతుంది. "డబ్బు పోతేనే ప్రతికూలత అని చట్టం అనలేదండీ. అందరికీ ఒకేలా కనపడే రూలు కొంతమందిని మాత్రం మిగతావాళ్లకంటే వెనక్కి నెడితే, అదీ ప్రతికూలతే. మామూలు బుద్ధి ఉన్న ఏ మనిషికైనా 'నన్ను తక్కువ చేశారు' అనిపించేలా ఉంటే చాలు. మీరు ఈ గదిలో తెర పెట్టించారు, ఈమెకి అన్నీ తెలుస్తున్నాయి. అక్కడ మైకు పెట్టారు, ఏదీ తెలియలేదు. మనిషి ఒకరే కదండీ!"

అప్పుడు కంపెనీ వకీలు ఒక కాగితం తీశాడు. ఏటేటా మాకు చేసే ఆరోగ్య పరీక్ష. ఐదేళ్లూ "వినికిడి బాగుంది" అని ఉంది, కింద నా సంతకం. "తమరే బాగుందన్నారు కదమ్మా, కంపెనీకి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నర్సు ఏ ప్రశ్న తర్వాత ఏది అడుగుతుందో నాకు కంఠతా వచ్చు. వినపడుతోందా అన్న ప్రశ్నకి కూడా వినపడకుండానే "ఆ, బాగా" అనేదాన్ని. నవ్వకు. "ఉద్యోగం పోతుందని అబద్ధమాడానండీ" అని లేచి చెప్పాను.

అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు సాక్షిగా పొడుగమ్మ లేచింది. "టీ వేళకి అందరికీ గంట కొడతారండీ. ఈవిడ కోసం మాత్రం సూపర్‌వైజరు మా బల్ల మీది లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాడు. మూడేళ్లబట్టీ ఇదే వరస. చెవులు బాగున్న మనిషికి లైటెందుకు ఆర్పుతారండీ?" నాకు తెలియకుండానే నా చెయ్యి బల్ల మీది గుడ్డని దుప్పటి కొసని లాగినట్టు ఒకసారి లాగింది.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. 'నాకు ఎలాంటి ప్రతికూలతా కలగలేదు' అని సంతకం పెడితే మర్నాడే మడత బల్ల దగ్గరికి వెళ్లిపోవచ్చట. "బల్ల దక్కుతుంది కదా, పెట్టెయ్యరాదూ" అన్నారు మీ మరిది. నిజమే, ఆ బల్ల నాకు ప్రాణం. పెట్టకపోతే, ఓడిపోతే, ఆ కింది గదే గతి, లేదా ఇంటికే.

ఇంక ఫోన్ సంగతి. మూడేళ్ల కిందట నువ్వు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు. నీ గొంతు తెలుస్తోంది, మాటలు తెలియట్లేదు. మధ్యలో ఆగావు. ఏదో ఒకటి అనాలి కదా అని నవ్వి, "చాలా సంతోషం అక్కా, మంచి మాట చెప్పావు" అన్నాను. నువ్వు పెట్టేశావు. పెళ్లయిన పదకొండేళ్లకి వచ్చిన కడుపు నిలవలేదని ఆ రోజు నువ్వు చెప్పావని, నెల తర్వాత మీ ఆడపడుచు రాస్తే తెలిసింది.

ఏడాది పాటు నువ్వు ఉత్తరం రాయలేదు. నేను నిజం రాయలేదు. నన్ను రాతిగుండెదని అనుకున్నా సరే, చెవిటిదని మాత్రం అనుకోకూడదనుకున్నాను. అంత సిగ్గుపడ్డాను. ఆ రోజునుంచీ ఫోన్ మోగితే వంటింట్లోకి పారిపోతున్నాను. తప్పు నాదే. నువ్వేం తిట్టినా పడతాను.

అందుకే సంతకం పెట్టను. బాగుందని ఐదేళ్లు సంతకాలు పెట్టాను, దాని ఫలితం నీ విషయంలో చూశాను. ఇంకొక్కసారి పెట్టను, బల్ల పోయినా సరే. కాగితం తెచ్చినతన్ని గుమ్మంలోంచే పంపేశాను.

పన్నెండో తారీకున మళ్లీ విచారణ. ముందు రోజుకే వచ్చెయ్. కిటికీ వెలుగు నీ ముఖం మీద పడేలా నా ఎదురుగా కూర్చో. ఆ రోజు ఫోన్‌లో చెప్పినదంతా మొదటినుంచీ మళ్లీ చెప్పు. ఈసారి ఒక్క మాట కూడా పోనివ్వను.

ఇట్లు,
నీ చెవిటి చెల్లెలు