కేసరి బండికి శనివారం యాట

నల్లగొండ,
12 ఫిబ్రవరి 2018, సోమవారం.

చిరంజీవి తమ్ముడు మహేష్‌కు,

అక్క త్రివేణి దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టడం బాపు మనిద్దరికీ నేర్పిన పద్ధతి. క్షేమం అనే మాట దగ్గర నా కలం కదలడం లేదు, అందుకని దాన్ని దాటేసి రాస్తున్నాను. నువ్వు ఫోన్ బంద్ పెట్టుకున్నావు. నందికొండలో డ్యామ్ పక్కన నీ దోస్తు క్వార్టర్‌లో ఉన్నావని తెలిసింది. ఎవరు చెప్పారని అడగకు. మనవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు, నీకు తెలియనిది కాదు.

మీ బావ పెద్ద దవాఖానలోనే ఉన్నాడు. రెండు కాళ్లకూ ఇనుప రాడ్లు వేశారు. నడుము కింద గిచ్చినా తెలియడం లేదు. కడుపులోకి గొట్టం పెట్టారు, అందులోంచి ఎర్రగా ఏదో వస్తూనే ఉంది. కట్టు మార్చేటప్పుడు నర్సు నన్ను బయటికి పొమ్మంటుంది, నేను పోను. తొడ మీద టైరు అచ్చు ఇంకా నల్లగా కనబడుతోంది, పెద్ద పెద్ద గళ్ల అచ్చు. చిన్నప్పుడు వాన పడ్డాక మన వాకిట్లో ఆ గళ్లలో నిలిచిన నీళ్లను కాలితో చిమ్ముకునేవాళ్లం. అది కేసరి టైరు అచ్చు, నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే నీతో కేసరి గురించి మాట్లాడాలి. నువ్వూ నేనూ కొట్లాడకుండా మాట్లాడుకున్న విషయం చిన్నప్పటి నుంచీ అదొక్కటే కదా.

బాపు ఆ బండిని కంకర మిల్లు కాంట్రాక్టర్ దగ్గర పాతది కొన్నాడు. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. దేవరకొండ దిక్కు ఊళ్లకు బస్సులు లేని రోజులు. ఉత్తరాదిన గనుల్లో తిరగడానికి కేసరి కంపెనీ వాళ్లు తయారు చేసిన జీపు అది. మనుషుల కోసం చేసింది కాదని ఎక్కిన ప్రతివాడికీ వాడి నడుమే చెప్పేది. కిటికీ అద్దాలు ఎక్కితే దిగవు, దిగితే ఎక్కవు. హారన్ కొడితే పాలిచ్చే బర్రె తన్నేది. అయినా కేసరి ఓనర్లకు ఆ పేరు చెబితే చాలు, ఛాతీ ఉబ్బేది. నార్కట్‌పల్లి అడ్డా మీద చాయ్ తాగుతూ వాళ్లు కోసే కోతలకు హైవే మీది లారీలు కూడా ఆగి వినేవేమో. “కేసరి గుద్దితే ఎదుటిది పోతది గని కేసరికి గీత వడది” అనేవాడు బాపు. పక్కవాళ్లు “గీత వడ్డా గా తుప్పుల ఏడ కనవడ్తదే ఎల్లన్నా” అని నవ్వేవాళ్లు. బాపుకు ముక్కు మీద కోపం. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేసేవాడు, మర్నాడు మళ్లీ అక్కడికే పోయేవాడు.

కంపెనీకి ఎంత పేరున్నా ఆ పేరు నిలబెట్టింది మన జిల్లా గతుకుల రోడ్లే. పెళ్లికూతుళ్లు ఆ బండిలోనే అత్తగారింటికి పోయారు. నన్ను సాగనంపింది కూడా అందులోనే. నువ్వయితే పుట్టిందే అందులో. అమ్మను దవాఖానకు తీసుకుపోతుంటే కొండమల్లేపల్లి రాకముందే నొప్పులు ఎక్కువయ్యాయి. మేనత్త జానమ్మ వెనక సీట్లో నీ బొడ్డు కోసింది. ఆ తర్వాత బాపు చాలా రోజులు ఆ సీటు మీద ఎవరినీ చెప్పులతో కూర్చోనివ్వలేదు.

తర్వాత తెలంగాణ వచ్చింది. కంపెనీ మూతపడింది. ఇక కేసరికి రోజులు చెల్లాయి అనుకున్నాం, కానీ ప్లాట్ల వ్యాపారం వాళ్లు, ఇసుక వాళ్లు పాత కేసరిలను ఊరూరా తిరిగి కొన్నారు. కొత్త బండ్లు మెత్తవి. మనిషికి తగిలితే బంపరు ఊడిపోతుంది, దీపం పగిలిపోతుంది, మర్నాటికి పోలీసులు ఇంటి ముందుంటారు. కేసరికి గీత పడదు. బాపు లాంటి వాళ్లు చాయ్ దుకాణంలో గొప్పగా చెప్పుకున్న మాటే వాళ్లకు పనికొచ్చింది. నల్ల రంగు, నల్ల అద్దాలు వేయించారు. ఒకప్పుడు కేసరి హారన్ వినబడితే పిల్లలు ఎదురు ఉరికేవాళ్లు, ఇప్పుడు తల్లులు పిల్లలను లోపలికి గుంజి తలుపులు వేస్తున్నారు. భూమి అమ్మనన్న ముసలాయన నడుముకు తాడు కట్టి, కేసరి వెనక ఊరంతా ఈడ్చిన సంగతి బాపు బతికుండగానే విన్నాడు. వీపు మీద తోలు లేకుండా పోయిందట ఆ ముసలాయనకు. బాపు ముందున్న కంచం నెట్టేసి “బండిది ఏం తప్పున్నది బిడ్డా” అన్నాడు నాతో. అన్నాడే గానీ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆయన పోయాక బండి నీ చేతికి వచ్చింది. బోరు పైపులు కోసి ముందర గార్డు వెల్డింగ్ చేయించావు. ఇదెందుకురా అంటే “షోకు అక్కా” అన్నావు. నేను నవ్వాను కూడా.

నువ్వు ఇసుక కాంట్రాక్టర్ దగ్గర చేరింది మొదలు మా ఊరి వాగులో ట్రాక్టర్లు నిలువెత్తు గోతులు తీశాయి. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. మీ బావ నలుగురు రైతులను పోగేసుకుని ట్రాక్టర్లకు అడ్డం పడుకున్నాడు. నువ్వు మా ఇంటికి వచ్చి “అక్కా, బావకు జర చెప్పు. గా లొల్లిల తలవెట్టొద్దను. మా సేటు మంచోడు గాదు” అన్నావు. “మా సేటు మంచోడు గాదు” అన్నావు గానీ “నేను మంచోణ్ని గాదు” అనలేదు చూడు, అక్కడే నాకు తెలియాల్సింది. మీ బావకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ “నీ తమ్మునికి కోపమొస్తె పోతది. వాగుల నీళ్లు పోతె మల్ల వస్తయా?” అన్నాడు.

తొమ్మిది రోజుల కిందటి ఆ శనివారం ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా? అయినా రాస్తాను, చదువు. పొద్దున వాగు ఒడ్డున మీ మనుషులు గొడ్డలి కామలతో విరుచుకుపడ్డారు. మొదటి దెబ్బకే ఆయన మోచేయి విరిగి ఎముక బయటికి వచ్చింది. రెండోది మూతి మీద పడింది. పళ్లు ఇసుకలో రాలాయి. తక్కినవాళ్లు తలో దిక్కు పారిపోయారు. ఆయన లేచి, చేయి వేలాడుతుండగా, ఏరడం అయిపోయిన పత్తి చేన్లో పడి ఉరికాడు. కేసరి గట్టు దిగి చేన్లోకి వచ్చింది. ఇంకే బండి అయినా ఆ నల్లరేగట్లో ఇరుక్కునేది. ఎండిన పత్తికట్టెను పటపటా విరుచుకుంటూ వచ్చి వెనక నుంచి గుద్దింది. ఆయన సాళ్ల మధ్య బోర్లా పడ్డాడు. అక్కడితో వదిలేస్తే కాళ్లు దక్కేవని డాక్టర్ అంటున్నాడు. వదల్లేదు. పడ్డ మనిషిని దాటి పక్కగా పోయిన బండి ఆగింది, వెనక్కి వచ్చి ఆయన తొడల మీదికి ఎక్కింది, మళ్లీ ముందుకు వచ్చి ఎక్కింది. గట్టు అవతల దాక్కున్న రైతులకు ఆ అరుపు వినబడింది. వాళ్ల వైపున్న నల్ల అద్దాల వెనక ఎవరున్నారో వాళ్లకు కనబడలేదు.

రైతులు రోడ్డు మీద బైఠాయించేసరికి ఆదివారం నీ డ్రైవర్ పర్వతాలు స్టేషన్‌కు పోయి “నేనే నడిపిన సారూ, బ్రేకు వడలె” అని లొంగిపోయాడు. దొర కేసు జీతగాడు నెత్తిన వేసుకోవడం మన దిక్కున కొత్త కాదు. వాణ్ని జైలుకు పంపారు. వాడి భార్య దవాఖానకు వచ్చి నా కాళ్లు పట్టుకుంది. “అక్కా, నా పెనిమిటి కోడిని గూడ కొయ్యలేడు” అని ఏడ్చింది. వరండాలో అందరూ చూస్తుండగా నేను ఆమెను కాలితో నెట్టాను. మేజిస్ట్రేట్ వచ్చి అడిగితే మీ బావ కూడా “బండిని జూసిన సారూ, లోపల ఎవరున్నరో జూడలె” అన్నాడు.

కానీ మహేష్, పర్వతాలు ఆ బండిని వెనక్కి నడపలేడు. ఓనర్లు కేసరి మీద చెప్పుకునేవాటిలో సగం కోతలు, ఒకటి మాత్రం నిజం. పాతబడిన కేసరి రివర్స్ గేరు ఇంటివాళ్లకే పడుతుంది. మన బండికైతే గేరు కర్రను పైకి లేపి, ఎడమ మడమతో తన్ని, అప్పుడు గుంజాలి. బాపు నీకు నేర్పాడు, నాకూ నేర్పాడు. పర్వతాలుకు ఎన్నిసార్లు చూపినా రాలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గోడకు ఎదురుగా ఆపేసి, పోయేటప్పుడు నలుగురిని పిలిచి వెనక్కి నెట్టించేవాడు. “గీ దయ్యం నా మాట ఇనదక్కా” అని తల గోక్కునేవాడు.

అది గుర్తొచ్చిన రోజు కూడా నేను నమ్మలేదు. ఎవరో నేర్పి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత జానమ్మత్త చూడటానికి వచ్చింది. బత్తాయిలు నా ఒళ్లో పోసి, గొంతు తగ్గించి, “శనివారం పగటీలి మన మహేష్ గాడు రోడ్డు మీది మైసమ్మ కాడ బండికి యాటను కోసిండు. గదేం మొక్కు బిడ్డా? శనివారం కోసుడేంది, మీ నాయినుంటె కట్టె వట్టుకుంటుండె” అంది.

దసరాకు బండి ముందర మేకనో గొర్రెనో యాట కోసి, ఆ నెత్తురు టైర్లకూ బంపరుకూ పూయడం కేసరి ఓనర్లందరూ చేసేదే. అందులో వింత లేదు. కానీ మన ఇలవేల్పు గుట్ట నర్సింహస్వామి. శనివారం మన పొయ్యి మీద గుడ్డు కూడా ఉడకదు. దసరా శనివారం పడితే బాపు యాటను మర్నాటికి ఉంచేవాడు. నువ్వు తాగినా, తిరిగినా, కాంట్రాక్టర్ వెంట పడినా ఆ వారం మాత్రం తప్పలేదు. అలాంటివాడివి శనివారం మధ్యాహ్నం ఎందుకు కోశావు?

పోలీసులు బండి చూడటానికి వస్తే గార్డు నిండా నెత్తురు, దాని మీద పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. అమ్మవారికి ఇచ్చిన నెత్తురును తుడవమని ఎవరంటారు? దండం పెట్టుకుని పోయారట. మీ బావ నెత్తురు మీద మేకపోతు నెత్తురు పోశావు. పని తెలివిగానే చేశావు, కంగారులో వారం చూసుకోలేదు.

అత్త వచ్చిపోయిన ఆ రాత్రి నుంచి నిన్ను చంపాలని ఉంది నాకు. ఊరికే అనడం లేదు. ఎత్తుకుని ఆడించిన చేతులతోనే నీ గొంతు పిసకాలని ఉంది. ఆ బండి మీద కిరోసిన్ పోసి, అందులో నిన్ను కూర్చోబెట్టి అగ్గిపుల్ల గీయాలని ఉంది. అంతలోనే వాడు అన్నం తిన్నాడో లేదో అనుకుంటాను. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నా బిడ్డ అక్షిత “మామ బండేసుకొని ఎప్పుడొస్తడమ్మా” అని అడిగితే దాని చెంప పగలగొట్టాను. ఏం పాపం చేసింది అది?

నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రేపు శివరాత్రి. ఎల్లుండి పొద్దున నేను ఉపవాసం విడిచేలోపు నీ అంతట నువ్వే నల్లగొండ స్టేషన్‌కు రా. పర్వతాలు వాడి ఇంటికి పోవాలి. నువ్వు వస్తే నేను నీ పక్కన నిలబడతాను, ఎవరు ఉమ్మినా సరే. జైలుకు అన్నం కట్టుకుని వస్తాను. రాకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు, నన్ను అంతదాకా తేవద్దు.

నిన్ను కొట్టే హక్కు ఇంకా తనదే అనుకుంటున్న
నీ అక్క,
త్రివేణి

తాజా కలం: మంగళవారం పొద్దున రాస్తున్నాను. నిన్న ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు. మీ బావ ఇవాళ తెల్లవారుతుండగా పోయాడు.

పోయే ముందు తెలివిలోనే ఉన్నాడు. అడగకుండానే చెప్పాడు. బండి వెనక్కి వచ్చేటప్పుడు నీ వైపు అద్దం దించి ఉందట. చక్రం ఎక్కడుందో చూసుకోవడానికి నువ్వు తల బయటికి పెట్టావట. ఆయన మెడ తిప్పి నిన్ను చూసి “మహేషూ, నేనురా” అన్నాడట. మరి మేజిస్ట్రేట్‌కు ఎందుకు చెప్పలేదని వార్డు అదిరేటట్టు అరిచాను. “నీకు తల్లిగారిల్లు ఉండాలె గద” అన్నాడు. తర్వాత నీళ్లు అడిగాడు. గ్లాసు తెచ్చేసరికి లేడు.

ఆయన నా కోసం దాచింది నేను దాచలేకపోయాను. ఎస్సై ముందు కూర్చుని రివర్స్ గేరు సంగతి, శనివారం సంగతి, అద్దం సంగతి అన్నీ చెప్పి సంతకం పెట్టాను. నువ్వున్న క్వార్టర్ ఎక్కడో కూడా చెప్పాను.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదు. నీ కోసం వస్తున్న పోలీసుల చేతికే ఇచ్చాను. ముందు తలుపు కింద నుంచి లోపలికి వేసి, నువ్వు చదివేదాకా ఆగమని కాళ్లు పట్టుకున్నాను. వాళ్లు ఇప్పుడు బయటే ఉన్నారు. వెనక గోడ దూకకు. డ్యామ్ దిక్కు ఉరకకు. వాళ్ల దగ్గర తుపాకులున్నాయి మహేషూ. చేతులు పైకెత్తి, నెమ్మదిగా బయటికి రా. అమ్మా బాపూ పోయాక నా తల్లిగారింట్లో ఉన్నది నువ్వొక్కడివే.